శనివారం నాడు నాచారంలో స్ప్రింగులు

మా కారు గుట్ట ఎక్కకపోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. మా ఊరు జనగామ పక్కన. ఊరికి దగ్గరలోనే నరసింహస్వామి గుట్ట. కార్తీకంలో అత్తమ్మను ఎక్కించుకుని బయలుదేరితే మూడో మలుపులో కారు వణికింది, దగ్గింది, ఆగింది. మోకాళ్ళ నొప్పులతో అత్తమ్మ దిగి, కర్ర పట్టుకుని మిగతా దూరం నడిచారు. స్వామి దయవల్ల దర్శనం బాగానే జరిగింది. కాని మేం ఆగిన చోట తొమ్మిది మందిని వేసుకున్న ఆటో ఒకటి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయింది. మా ఆయనను గుట్ట ఎంత బాధపెట్టిందో తెలియదు గాని, హారన్ మాత్రం బాగా బాధపెట్టింది.

రెండు నెలలు ఫోన్‌లో వీడియోలు చూసి ఆయన రోగం పేరు కనిపెట్టారు. మా కారులో ఉన్నది మామూలు క్యామ్‌షాఫ్టట. దాన్ని తీసి, బలం పెంచే పర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్ వేయాలట. వచ్చే ఏకాదశికి గుట్ట మీదికి కారులోనే తీసుకుపోతానని అత్తమ్మకు మాట కూడా ఇచ్చేశారు. ఏకాదశికి ఇంకా పది రోజులుంది.

తెలియనివారి కోసం నాకు అర్థమైనంత చెబుతాను. ఇంజనులో గాలీ పెట్రోలూ లోపలికి వచ్చే తలుపులుంటాయి, పొగ బయటికి పోయే తలుపులుంటాయి. వాటిని వాల్వులంటారు. క్యామ్‌షాఫ్ట్ మీది బొడిపెలు వాటిని నెట్టి తెరుస్తాయి. మళ్ళీ మూసేవి స్ప్రింగులు. ఏ ఇంట్లోనైనా తలుపు తెరిచినవారికే పేరు, మూసినవారిని ఎవరూ తలచుకోరు. ఇంజనులో కూడా అంతేనని తర్వాత తెలిసింది.

ఊళ్ళో మెకానిక్ ఇంజను పైభాగాన్ని విప్పి ఇచ్చాడు. హెడ్ అంటారు దాన్ని. క్యామ్, వాల్వులు, స్ప్రింగులు అన్నీ అందులోనే. నా పాత నేతచీరలో చుట్టి, బియ్యం సంచిలో పెట్టాం. శనివారం ఉదయం 6.40కి జనగామలో బస్సెక్కాం. మా ఆయన పనిచేసే మిల్లుకు శనివారమే సెలవు.

కండక్టరమ్మ సంచిని కాలితో కదపబోయి ఆగిపోయింది. “ఏందక్కా గిది, కోళ్ళా?”

“ఇంజను హెడ్డమ్మా. మా కారుది.”

“కారుండంగ బస్సులెందుకు వస్తున్రు?”

ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్ కొట్టింది. ఆడవాళ్ళకు ఇంత దూరం ఉచితంగా తిరిగే కాలం వచ్చినందుకు మనసులోనే దండం పెట్టుకున్నాను. మా ఆయనకు ఫుల్ టికెట్, హెడ్డుకు లగేజీ టికెట్ పడ్డాయి. ఆలేరులో ఎక్కిన ఒకామె కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఘట్‌కేసర్ దాకా సంచి మీంచి చూపు తిప్పలేదు.

9.05కి ఉప్పల్‌లో దిగాం. రోడ్డు దాటడానికి వేసిన ఆకాశవంతెన ఎక్కడానికి లిఫ్టుంది, హెడ్డు మోసేవారు మరవొద్దు. శనివారాలు నాకు ఒక్కపొద్దు. నా వంతు ఇడ్లీ కూడా మా ఆయనే తిన్నారు.

క్యాములు అమ్మే దుకాణం అక్కడే ఒక మేడ మీద ఉంది. లోపల చల్లగా ఉంది. అద్దాల అల్మారాలో మఖ్మల్ గుడ్డ మీద క్యామ్‌షాఫ్టులు బంగారు గాజుల్లా పేర్చి ఉన్నాయి. నల్లకళ్ళద్దాలు నెత్తికి ఎత్తుకున్న యజమాని నాకు కుర్చీ వేశాడు.

“స్టేజ్ వన్ అంటే కాలేజీ పోరగాండ్లకు అక్కా. స్టేజ్ టూ పెండ్లైనోళ్ళకు. అన్న తీస్కున్నది స్టేజ్ త్రీ!”

మూడో మెట్టుకు చేరాలంటే ఎన్నో జన్మల సాధన కావాలని నేను విని ఉన్నాను. మా ఆయన శుక్రవారం ఫోన్‌లో పైసలు కొట్టి చేరిపోయారు. శుక్రవారమే ఎందుకంటే, శనివారం ఇనుము కొనకూడదని అత్తమ్మ నియమం. ముందురోజే కొన్నట్టు, ఈరోజు ఊరికే తీసుకుపోతున్నట్టు ఆయన లెక్క.

“స్ప్రింగులో?” అని అడిగాను.

“మారిస్తే మంచిదే అక్కా. మార్చకున్నా నడుస్తది. మీ ఇష్టం.”

“ఇయ్యాల శనివారం తమ్మీ, ఇనుము కొనం. పాతయే ఉండనీ,” అన్నారు మా ఆయన.

“మా నాయనమ్మ గూడ గంతే అన్నా,” అని అతను భక్తిగా తలూపాడు.

క్యామ్ బిగించుకోవడానికి నాచారం పోవాలి. 10.20కి షేర్ ఆటో ఎక్కాం, తలా ఇరవై. నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించారు. అందుకేనేమో, అచ్చయిన కాగితం ఏది దొరికినా చివరిదాకా చదివితే గాని వదలను. క్యామ్ డబ్బాలో నాలుగు మడతల కాగితం ఉంది. ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివాను. ఈ క్యామ్ వాల్వును ఎక్కువ లోతుకు నెడుతుంది, పాత స్ప్రింగుల చుట్లు ఒకదానికొకటి ఆనుకుని బిగుసుకుపోవచ్చు, స్ప్రింగులు తప్పక మార్చాలి అని ఉంది. ఆయనకు చెప్పాను.

“గవన్నీ భయపెట్టనీకి రాస్తరు. మందుల చీటీల గూడ వాంతులైతయని రాస్తరు. మనకెప్పుడన్న అయినయా?”

ఆటో డ్రైవర్ వెనక్కి తిరిగాడు. “అన్నా, స్టేజ్ త్రీ మా ఆటోలకు దొరుకుతదా?”

మా ఆయన ముఖం చాలా రోజుల తర్వాత వెలిగింది.

11 గంటలకు నాచారం పారిశ్రామికవాడ వెనక సందులో అందరూ సత్తయ్య మామ అని పిలిచే పెద్దాయన షెడ్డు పట్టుకున్నాం. హెడ్డు పనిలో నలభై ఏళ్ళ చేయి అని మా మెకానిక్ చెప్పి పంపాడు. కళ్ళద్దాలకు దారం కట్టుకున్నారు. హెడ్డు చూడకముందే మమ్మల్ని ఒక మాట అడిగారు. రెండు నెలల్లో ఏ వీడియో కూడా ఆ మాట అడిగి ఉండదు.

“ఏడికి వోతరు బిడ్డా గీ కారుల?”

“గుట్టకు మామా. మా అత్తమ్మను తీస్కొని.”

“గీ క్యాము, ఇంజను నిమిషానికి నాలుగున్నర వేల సుట్లు దాటినంక లేస్తది. గప్పటిదంక పండుకుంటది. మీరు దర్శనం జేస్కొని, పులిహోర తిని, ఇంటికొచ్చినంక లేస్తది.”

“వీడియోల మస్తు గుంజింది మామా,” అన్నారు మా ఆయన.

“వీడియోల గుట్ట ఉండెనా?”

వీడియోలో రేసు మైదానమే ఉంది. మా ఆయన షెడ్డు రేకుల వైపు చూశారు.

మామ ఆరు స్ప్రింగులూ ఊడదీసి బల్ల మీద వరసగా నిలబెట్టారు. రెండు పొట్టివి. నాకే కనిపించింది. ఒక్కోదాన్ని నొక్కి బలం చూసే మీటకింద పెడితే ఆ రెండూ తడిసిన అప్పడాల్లా అణిగిపోయాయి.

“గుట్ట మీద గట్టిగ తొక్కితె ఒక తాన వణికి, ఇగ ముందుకు పోకపోవునా?”

“అవు మామా,” అన్నారు మా ఆయన చిన్నగా.

“గీ రెండు తలుపులు టైముకు మూస్తలేవు. కొత్త మామూలు స్ప్రింగులెయ్యి, నీ పాత క్యాము బంగారం లెక్క ఉన్నది. గీ సచ్చిన స్ప్రింగుల మీద గీ పెద్ద క్యాము ఏస్తివా, తలుపు మూయకముందే కిందికెల్లి పిస్టన్ వచ్చి దాన్ని కొడ్తది. గప్పుడు కారు గుట్ట ఎక్కది, క్రేన్ ఎక్కుతది. ఇంకోటి అడుగుత, ఒకటో గేర్ల ఎందుకు వోలే?”

“అందరు చూస్తరని మామా.”

మా ఆయన నా వైపు తిరిగారు. “ఇయ్యాల శనివారం. స్ప్రింగులు ఇనుపయి. ఎట్ల కొంటం? నువ్వే చెప్పు.”

ఏడాదంతా ఏ వారమో గుర్తుండని మనిషి ధర్మమంతా నా చేతిలో పెట్టారు. పోయిన శనివారమే గునపం కొనుక్కొచ్చారు. ఇంకో శనివారం రావాలంటే ఏకాదశి ముంచుకొస్తుంది. వట్టి చేతులతో పోతే ఆయన ఊరి మెకానిక్‌తో పెద్ద క్యామే బిగించేస్తారు, అందులో అత్తమ్మను కూర్చోబెడతారు. కళ్ళు మూసుకుని స్వామిని తలచుకున్నాను. జవాబు దొరికింది.

“ఇనుండ్రి. శనివారం ఇనుము కొనొద్దు గాని, ఇచ్చుడు పుణ్యమే గదా. గా పెద్ద క్యాము ఆ దుకాణం తమ్మునికి ఇచ్చేద్దాం. బదులు ఆయన స్ప్రింగులిస్తే అది కొన్నట్టు కాదు.”

సత్తయ్య మామ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “గిది ఏ పంతులు చెప్పిండు బిడ్డా?”

“పంతులునడిగితే వద్దంటడు మామా. గందుకే అడుగలే.”

మా ఆయన ఒక్కరే ఉప్పల్ పోయి 2 గంటలకు తిరిగొచ్చారు. ఒకసారి అమ్మిన పర్ఫార్మెన్స్ వెనక్కి తీసుకోనని యజమాని మొదట అన్నాడట. శనివారం దానమని చెప్పగానే క్యామ్‌ను కళ్ళకద్దుకుని అల్మారాలో పెట్టేశాడట. సాయంత్రానికి ఇంకో భక్తుడు రాకపోడు. ఆరు మామూలు స్ప్రింగులతో పాటు వెనకద్దానికి అంటించుకొమ్మని ‘స్టేజ్ త్రీ’ స్టిక్కరు కూడా ఇచ్చాడు. మా ఆయన దాన్ని మడత పడకుండా పట్టుకొచ్చారు.

ఈలోగా మామ ప్రతి వాల్వునూ కర్ర చివర పట్టించి, రెండు అరచేతుల మధ్య మజ్జిగ చిలికినట్టు తిప్పుతూ, సందు లేకుండా మూసుకునేలా నూరారు. నా ఒక్కపొద్దు సంగతి తెలిసి ఎక్కడినుంచో రెండు అరటిపళ్ళు తెప్పించారు. స్ప్రింగులు ఎక్కించాక హెడ్డు తిరగేసి కిరోసిన్ పోశారు. చుక్క కూడా కిందికి కారలేదు. నాకు తెలియకుండానే దండం పెట్టాను.

“నాకెందుకు బిడ్డా దండం, మూసుకున్న తలుపుకు పెట్టు,” అన్నారు మామ.

5.10కి ఉప్పల్‌లో జనగామ బస్సు దొరికింది, సీట్లు కూడా దొరికాయి. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. ఎంత వేగం కావాలని అడిగేవారు ఉప్పల్‌లో అడుగడుగునా ఉన్నారు. ఎక్కడికి పోతారని అడిగేవారు నాచారం సందులో ఒకరున్నారు, ముందు అక్కడికి పొండి. ఇడ్లీ మాత్రం ఉప్పల్‌లోనే బాగుందట.

బీబీనగర్ దాటేదాకా మా ఆయన ఆ స్టిక్కరునే అటూ ఇటూ తిప్పి చూశారు. క్యామ్ పోయిన దిగులనుకున్నాను.

“గా రోజు గుట్ట కాడ అమ్మ చెప్పు తెగింది. నీకు తెలుసా?” అన్నారు కిటికీలోంచి చూస్తూ.

తెలియదన్నాను. నేను కొబ్బరికాయలు పట్టుకుని ముందు నడిచాను.

“నేను కారుకాడ్నే నిలవడి సూసిన. తెగిన చెప్పు కొంగుల దాసుకొని, ఒట్టి కాళ్ళతోని ఎక్కింది. నేను సూస్తనని ఎనకకు గూడ తిరగలే.”

ఇన్నాళ్ళూ ఆయనకు హారనే వినిపిస్తోందనుకున్నాను. ఒళ్ళో ఉన్న సంచిని కాస్త ఆయన వైపు జరిపాను. ఆయన రెండు చేతులూ దాని మీద వేసి పట్టుకున్నారు.

“ఏకాదశికి ఒకటో గేర్ల పోత,” అన్నారు.