రానిది రాలేదనే చెప్పాల

ఈ ఉదయం నేను షాపు తెరిచీ తెరవకముందే ఒకాయన కంప్యూటర్ తెచ్చి బల్ల మీద పెట్టి, వద్దనేలోపే స్విచ్ వేశాడు. లోపలి నుంచి చిన్న చప్పుడు. రేకు డబ్బాను గోటితో తట్టినట్టు, ఆగి మళ్లీ తట్టినట్టు. హార్డ్ డిస్క్ తనలో ఉన్నదాన్ని చదవలేక తడుముకునే చప్పుడు అది. వెంటనే వైరు పీకేశాను. "ఏమ్మా, ఏమయింది?" అని ఆయన కంగారు పడ్డాడు. "కుంటే గొర్రెను తరమకూడదన్నా. ఇంగ దీన్ని ఆన్ చేయొద్దు" అన్నాను. ఆ మాట నాది కాదు, ఓబులేసు సార్‌ది. ఈ షాపూ ఒకప్పుడు ఆయనదే.

ఓబులేసు సార్‌ది కంబదూరు దగ్గర పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. చదువుకుని బెంగుళూరులో చాలాకాలం కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో పనిచేసి, అక్కడి జనంలో ఊపిరాడక అనంతపురం వచ్చి టవర్ క్లాక్ దగ్గరి సందులో ఈ షాపు పెట్టారు. నేను డిగ్రీ అయిపోగానే గార్లదిన్నె నుంచి రోజూ బస్సులో వచ్చి ఆయన దగ్గర పనికి చేరాను. నవ్వు తక్కువ మనిషి. చెడిపోయిన డిస్కు తెచ్చినవాళ్లు "అంతా వస్తాది కదా సార్?" అని ఆశగా అడిగితే, "తెలీదప్పా, చూడాల" అనేవారు. పక్క సందులో "గ్యారంటీగా వస్తాది" అని చెప్పే షాపులు ఉండేవి. సగంమంది అక్కడికే పోయేవారు. ఈయనకు వ్యాపారం చేతకాదని నేను చాన్నాళ్లు అనుకున్నాను.

పని మాత్రం ఓపికగా నేర్పించారు. ఫైళ్లు తెరుచుకోవడం లేదని, డిస్కు పోయిందని ఇంకెవరో తేల్చి పంపిన కంప్యూటర్ ఒకటి మా దగ్గరికి వచ్చింది. నేను కొత్త డిస్కు అట్ట విప్పబోయాను. ఆయన ఆపి, లోపల డిస్కుకు తగిలించి ఉన్న కేబుల్ తీసి వేరేది పెట్టారు. ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. "ముందు దారి చూడు పాపా. దారి బాగుండాదని తెలిసినాక ఊరిని అనుమానించు" అన్నారు. డిస్కే దెబ్బతిన్నదని తేలితే మాత్రం పద్ధతి వేరు. దాని మీద మరమ్మతు చేయకూడదు. ముందు ఇంకో మంచి డిస్కులోకి నకలు తీసుకోవాలి. అదీ సులభంగా వచ్చేది మొదట, మొండికేసే చోట్లు తర్వాత. "మొండి చోటే పట్టుకుని కూచుంటే ఉండేది గూడా పోతాది" అనేవారు. ఎంత ప్రయత్నించినా రాని చోటు నకలులో ఖాళీగా మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేయాలి.

ఆ ఖాళీ ఎంత బరువైనదో ఒక ఎండాకాలంలో చూశాను. హైవే పక్కన చెనక్కాయల నూనె మిల్లు నడిపే శివన్న, ఒక కానిస్టేబులును వెంటబెట్టుకుని వచ్చాడు. మిల్లు గేటు కెమెరా దృశ్యాలు దాచే డిస్కు అతని చేతిలో ఉంది. కొద్ది రోజుల క్రితం తెల్లవారుతుండగా మారెప్ప అనే గొర్రెల కాపరి ఆ గేటు ముందు మందను రోడ్డు దాటిస్తుంటే ఒక జీపు గుద్దేసి ఆగకుండా పోయింది. గొర్రెలు చచ్చిపోయాయి. మారెప్ప కాలు నుజ్జయింది. గుద్దిన జీపు ఏదో చూసినవాళ్లు లేరు. కెమెరా ఒక్కటే చూసింది. తీరా వేసి చూద్దామంటే ఆ గంట దగ్గరికి రాగానే బొమ్మ బిగుసుకుపోయింది. ఎవరో చెప్పారని శివన్న తెర మీది రిపేరు బటన్ నొక్కాడు. ఆ ఫైలే కనపడకుండా పోయింది.

డిస్కు పక్కన ఫ్యాను పెట్టుకుని పొద్దునపూట నకలు తీశాం. ఎండ ముదిరితే డిస్కు వేడెక్కుతుందని సాయంత్రం దాకా ఆపేవాళ్లం. అలా కొన్నాళ్లకు నకలులో వెతికితే ఆ పోయిన ఫైలు దొరికి, తెరుచుకుంది. మసక వెలుతురు, రోడ్డు, మంద. భుజాన గొంగడితో మారెప్ప వాహనాలు ఆగమని చేయి ఎత్తాడు. "మా నాయన గూడా ఇట్లే చెయ్యెత్తేవాడు" అన్నారు సార్. అంతలో తెరంతా బూడిదరంగు గళ్లు. గళ్లు తొలగేసరికి జీపు దూరంగా పోతోంది. తెల్లది, పైన సామాను వేసుకునే కమ్మీల చట్రం, వెనక దీపాల్లో ఒకటి వెలగడం లేదు. నంబరు కనపడేంత దగ్గరగా ఉన్న ఆ కొన్ని క్షణాలే లేవు. మళ్లీ మళ్లీ ప్రయత్నించాం. రాలేదు. సార్ చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీదికి విసిరికొట్టారు. ఆయనకు అంత కోపం రావడం నేను అంతకుముందు చూడలేదు.

మారెప్ప భార్య ఎర్రక్క ఆసుపత్రి నుంచి నేరుగా షాపుకు వచ్చింది. జీపు ఎవరిదో అప్పటికే ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. కాలేజీ నడిపే ఒక పెద్దమనిషి పేరు వినపడుతోంది.

"నంబరు కనపడిందని ఒక్క మాట చెప్పప్పా. నంబరు నేను చెప్తా. నువ్వూ గొర్రెలోళ్ల బిడ్డవే కదా" అంది.

"కనపడలేదక్కా."

"మాకు తెలుసు ఆ జీపు ఎవురిదో!"

"నీకు తెలిసింది నువ్వు చెప్పు. ఈ డిస్కులో రానిది రాలేదనే నేను చెప్పాల. లేనిది ఒకటి కలిపితే ఉండేది గూడా ఎవురూ నమ్మరు."

ఎర్రక్క ఆయన్ను తిట్టిన తిట్లు సందులో అందరూ విన్నారు. పెద్దోళ్లకు అమ్ముడుపోయినావంది. ఆయన తల దించుకుని విన్నారు. నేనే ఉండబట్టలేక, "ఆ ఒక్క మాట చెప్తే ఏం పోతాది సార్?" అని అడిగాను. ఆయన మంచినీళ్ల చెంబు ఆమె ముందు పెట్టమని సైగ చేశారు. ఆమె ముట్టకుండానే వెళ్లిపోయింది.

ఆ వారంలోనే కాలేజీ నుంచి ఒకతను వచ్చాడు. ఆ కాలేజీ కంప్యూటర్లన్నీ మేమే చూసేవాళ్లం, షాపు నడిచేది ఎక్కువగా వాటి మీదే. కుర్చీ లాక్కుని కూర్చుని, "పాత డిస్కు కదన్నా, అంతా పోయిందంటే ఎవురు కాదంటారు?" అన్నాడు.

"పోయింది మధ్యలోదే. ఉండేదాన్ని లేదని యాడ చెప్పేది?"

"ఆలోచన చేసుకో."

"చేసుకున్న్యా. నకలు స్టేషన్లో ఇచ్చేసినా."

ఆ తర్వాత కాలేజీ నుంచి ఒక్క కంప్యూటరూ రాలేదు. అద్దె కట్టలేక పక్క గది ఖాళీ చేసి, ఇద్దరం ఈ ఒక్క గదిలో సర్దుకున్నాం.

ఆ చట్రాన్నీ వెలగని దీపాన్నీ పట్టుకుని పోలీసులు వెతికితే ఆ కాలేజీ పెద్దమనిషి జీపే దొరికింది. ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే ఆ దీపం మార్చిన మెకానిక్కూ దొరికాడు. కేసు ఏళ్ల తరబడి సాగింది. సాక్ష్యం రోజు సార్‌తో పాటు నేనూ కోర్టుకు వెళ్లాను. అవతలి వకీలు లేచి, "మధ్యలో ముక్క లేదంటున్నారు. మిగతాది మీరే అతికించి ఉండవచ్చు కదా?" అన్నాడు.

సార్ తొందరపడలేదు. "అతికించేవాణ్ణయితే మధ్యలో ఖాళీ ఎందుకు పెడతా సార్? నంబరే పెట్టేవాణ్ణి కదా" అన్నారు.

అసలు డిస్కు, నకలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చని కూడా సార్ చెప్పారు. కేసు నిలబడింది. పరిహారం వచ్చింది. మారెప్ప కాలు మాత్రం పూర్తిగా బాగుపడలేదు, కర్ర పట్టుకునే మళ్లీ చిన్న మందను మేపుకున్నాడు. చాన్నాళ్లకు ఎర్రక్క షాపుకు వచ్చి గడప దగ్గరే నిలబడింది. "ఆ పొద్దు నిన్ను శానా తిట్టినా అప్పా" అంది. "తిట్టినావు. బాగా తిట్టినావు. లోపలికి రాక్కా, నీళ్లు తాగు" అన్నారు సార్. ఈసారి తాగింది.

ఓబులేసు సార్ గుండెజబ్బుతో పోయారు. షాపు నేనే నడుపుతున్నాను. "అంతా వస్తాదా?" అని అడిగేవాళ్లకు నేనూ "చూడాల" అనే చెబుతాను. పక్క సందుకు పోయేవాళ్లు ఇప్పటికీ పోతుంటారు. ఇదంతా రాస్తున్నప్పుడు మనసులో కొన్ని చోట్ల ఎంత తడిమినా ఏమీ తగల్లేదు. కోర్టు నుంచి తిరిగివస్తూ దారిలో ఏం మాట్లాడుకున్నామో గుర్తు లేదు. ఆసుపత్రిలో చివరిసారి ఆయన నాతో ఏదో అన్నారు. గొంతు బలహీనంగా ఉంది, పక్క మంచం వాళ్ల గోల, నాకు వినపడలేదు. మళ్లీ అడగడానికి మొహమాటపడి తల ఊపాను. ఆయన స్వభావానికి తగిన మంచి మాట ఒకటి అక్కడ పెట్టడం నాకు కష్టం కాదు. పెట్టను.