చీపురక్క తప్పు

ఆఫీసులో అందరూ ఆమెను చీపురక్క అంటారు. చాటుగా అనుకుంటున్నామని వాళ్ల నమ్మకం. ఆమెకు చేరిన మొదటి వారంలోనే తెలిసిపోయింది. తెలిసినా ఏమీ అనలేదు, ఎందుకంటే ఆ పేరులో అబద్ధమేమీ లేదు. పదిహేడేళ్లుగా ఆమె చేస్తున్నది ఊడ్చే పనే. కాకపోతే ఇల్లూ వాకిలీ కాదు, కంప్యూటరు కడుపులో.

కంప్యూటరు లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. తెరమీద కనిపించేవన్నీ ముందు గదిలో కూర్చున్న చుట్టాలనుకుంటే, లోపల నిలబడి ఎవరికి కావలసింది వాళ్లకు అందించే ఇల్లాలు అది. ప్రింటరో కెమెరానో తగిలించామనుకోండి, దాన్ని నడిపే చిన్న ప్రోగ్రాము ఒకటి, డ్రైవర్ అంటారు, కెర్నెల్‌ని అడిగి కాస్త మెమరీ, ఇంకో నాలుగు వస్తువులు తీసుకుంటుంది. పరికరం పీకేశాక అవన్నీ తిరిగి ఇచ్చేయాలి. తీసుకునేటప్పుడున్న శ్రద్ధ ఇచ్చేటప్పుడు ఎవరికుంటుంది చెప్పండి? మనుషులకే లేదు, మనుషులు రాసిన ప్రోగ్రాములకు ఎక్కడినుంచి వస్తుంది! అలా ఇవ్వకుండా వదిలేసినవాటిని వెతికి వెతికి ఇప్పించడమే మన చీపురక్క పని.

ఆమె మొదట ఒక ఆఫీసులో టైపు కొట్టేది. ఇరవై తొమ్మిదో ఏట, రోజుకోసారి మొరాయించే ప్రింటరుతో విసిగిపోయి, దాని డ్రైవరు తెరిచి చూసింది. రెండే రెండు వాక్యాలు తక్కువున్నాయి. అవి రాసి, లోకంలో తలో చోటా ఉండి కెర్నెల్‌ని చూసుకునే పెద్దలకు పంపింది. వాళ్లు తీసుకున్నారు. ఆ రోజు నుంచి ఇదే పిచ్చి.

"ఏం పనమ్మా నువ్వు చేసేది?" అని అత్తగారు ఒకసారి అడిగింది.

"వాడుకున్నవి ఎక్కడివక్కడ సర్దేస్తానత్తయ్యా."

"ఆ మాత్రందానికి రెండు బస్సులు మారి వెళ్లాలా? వంటగదిలో ఉందిగా బోలెడు!"

ఆమె పనిచేసే చోటు టైర్ల దుకాణం పైన రెండో అంతస్తు. మొత్తం పదకొండు మంది. పిల్లలకు వినికిడి పరీక్ష చేసే పెట్టెలు తయారుచేస్తారు. పెట్టె సబ్బుపెట్టెంత ఉంటుంది. ఒక పక్క పిల్లవాడి చెవులకు హెడ్‌ఫోను, ఇంకో పక్క కంప్యూటరుకు వైరు. కీచుమని చప్పుడు వినిపిస్తే పిల్లవాడు మీట నొక్కాలి. అంతే పరీక్ష.

మూడు వారాలుగా ఒక చెవి ఆసుపత్రి నుంచి ఒకటే గోల. పరీక్ష నడుస్తూ నడుస్తూ కంప్యూటరు బిగుసుకుపోతోంది. మళ్లీ మొదటినుంచీ చేద్దామంటే నాలుగేళ్ల పిల్లలు ఊరుకుంటారా? ఏడుపులు, తల్లుల సణుగుళ్లు. "వచ్చే శుక్రవారానికి బాగుచెయ్యండి, లేదంటే పన్నెండు పెట్టెలూ వెనక్కి పంపిస్తాను" అని డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. వైరు ఊడినప్పుడు ఒక్కోసారి ఇలా అవుతోందని కూడా చెప్పింది.

ఇంకేముంది, యజమానికి దారి దొరికింది. వైరెందుకు ఊడుతోంది? సాకెట్టు వదులు. సాకెట్టు అతికిందెవరు? సోల్డరింగ్ మేస్త్రి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్రోగ్రాములు రాసే పెద్ద తలకాయలన్నీ తలూపాయి. వాటి మధ్య చీపురక్క తల కూడా ఉంది. ఊపలేదు గానీ అడ్డంగా తిప్పనూ లేదు.

మేస్త్రికి అరవై దాటాయి. ఆ పెట్టెల్లో ప్రతి సాకెట్టూ ఆయన చేతిమీదుగా పోయిందే. మొదటివారం పోట్లాడాడు. రెండోవారం మాట్లాడ్డం మానేశాడు. మూడోవారం యజమాని ఒక కాగితం ముందు పెట్టి, "వయసు ఎవరి మాటా వినదు మేస్త్రిగారూ, ఒకటో తారీఖు నుంచి విశ్రాంతి తీసుకోండి" అన్నాడు. సాకెట్లు వదులుగా అతికింది నేనేనని ఆ కాగితంలో ఉంది. మేస్త్రి సంతకం పెట్టేసి వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ బల్ల చీపురక్క బల్ల పక్కనే.

"బాబాయ్, నిజంగా వదులుగా అతికారా?" అని ఆమె అడిగింది.

"ఏమోనమ్మా. ఇంతమంది అంటున్నారంటే అతికే ఉంటాను." ఆయన తన వేళ్లకేసి చూసుకున్నాడు. "ఈమధ్య చెయ్యి వణుకుతున్నట్టే ఉంది."

అతికే ఉంటాను! ఇరవై ఏళ్లు చేతినే నమ్ముకుని బతికిన మనిషి, ఆ చేతినే అనుమానిస్తున్నాడు.  ఏమైనా సరే, ఒకటో తారీఖులోగా అసలు సంగతి తేల్చాలనుకుంది చీపురక్క. శనివారం ఒక పెట్టె సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

ఆదివారం భోజనాలయ్యాక బల్లమీద కంప్యూటరు పెట్టి, కెర్నెల్‌లో ఒక కాపలా ఏర్పాటు చేసింది. తిరిగి ఇచ్చేసిన మెమరీని ఎవరైనా మళ్లీ ముట్టుకుంటే అది గోలగోల చేసి ఎవరు ముట్టుకున్నారో చెబుతుంది. పరీక్ష మొదలుపెట్టింది, ఆపింది, ప్రోగ్రాము మూసింది, వైరు పీకింది. ఏమీ కాలేదు. మళ్లీ చేసింది. ముప్ఫై సార్లు చేసింది. పెట్టె బుద్ధిమంతుడిలా కూర్చుంది.

"పోనీ నా చెవులు చూడు" అంటూ అత్తగారు వచ్చి హెడ్‌ఫోను పెట్టుకుంది. ఆవిడకు అరవకపోతే వినిపించదు, వినిపించదంటే ఒప్పుకోదు. రెండు నిమిషాలు చప్పుడు కోసం చూసి చూసి, "ఇందులో ఏమీ రావట్లేదే! కరెంటు దండగ" అని హెడ్‌ఫోను తీసి, చెయ్యిజాచి, నడుస్తున్న పరీక్ష మధ్యలో వైరు ఠక్కున పీకేసింది.

తెర నిండా అక్షరాలు వరదలా దొర్లాయి. కంప్యూటరు బిగుసుకుపోయింది.

"అత్తయ్యా!"

"ఏం? వాడనప్పుడు పీకెయ్యొద్దూ?"

చీపురక్క లేచి అత్తగారిని గట్టిగా కౌగిలించుకుంది. ఇరవై మూడేళ్ల కాపురంలో అది మొదటిసారేమో, ఆవిడ హడలిపోయింది.

అదీ సంగతి. ఆఫీసులో వీళ్లంతా మర్యాదస్తులు. పరీక్ష ఆపి, ప్రోగ్రాము మూసి, ఆ తర్వాతే వైరు తీస్తారు. ఆసుపత్రిలో నాలుగేళ్ల పిల్లవాడు కుర్చీలో కాళ్లూపుతూ వైరును తన్నేస్తాడు, ఎవరి సెలవూ తీసుకోడు. ఎంత గట్టి సాకెట్టయినా తంతే ఊడుతుంది. వైరు ఊడితే పరీక్ష ఆగాలి. కంప్యూటరెందుకు చావాలి? ఇన్ని రోజులుగా ఈ ప్రశ్న ఒక్కరికీ తట్టలేదు. అందరూ సాకెట్టు కేసే చూస్తూ కూర్చున్నారు.

ఆమె ఆ తెరమీది రాతను పట్టుకుని తీగ లాగింది. వైరు ఊడగానే, పెట్టెకు చెందిన మెమరీని కెర్నెల్ వెనక్కి తీసేసుకుంటోంది. పరీక్ష ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. అది ఇంకా ఆ మెమరీ తనదేననుకుని చెయ్యి పెడుతోంది. ఈలోగా దాన్ని ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే, ఇక అంతే. కొన్నిసార్లే అవడానికి కారణం కూడా అదే.

మరి అంత తొందరగా వెనక్కి తీసుకొమ్మని రాసిందెవరు? పెట్టెను నడిపే డ్రైవరు తాలూకు పాత మార్పుల చిట్టా తెరిచింది. ఎనిమిదేళ్ల కిందటి మార్పు. కింద పేరు చూసింది.

తన పేరే.

ఇంకోసారి చదివింది. ఆ మార్పు బాగా గుర్తుంది. ఎందుకు గుర్తుండదు, జీవితంలో అంత పొగడ్త ఎప్పుడూ రాలేదు. ఆ డ్రైవరులో తిరిగి ఇచ్చేసే వాక్యాలు నలభై ఉండేవి, చిందరవందరగా. అవన్నీ తీసిపారేసి, పరికరం పోగానే అన్నీ వాటంతట అవే వెనక్కి వెళ్లిపోయేలా ఏర్పాటు చేసింది. ఇక ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు! ఎంత శుభ్రంగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. పరికరం పోయినా దాన్ని పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదేమోనని ఒక్కరూ ఆలోచించలేదు. ఊడ్చే ఉత్సాహంలో, మనిషి కూర్చునుండగానే కిందనుంచి చాప లాగేసింది చీపురక్క.

సరిచెయ్యడం కష్టమేం కాలేదు. ఎందరు పట్టుకున్నారో లెక్క ఉంచాలి, ఆఖరివాళ్లు వదిలాకే మెమరీ తిరిగి ఇవ్వాలి, వైరు ఊడిందని ప్రోగ్రాముకు ముందే చెప్పాలి. సోమవారం మధ్యాహ్నానికి రాసేసింది. రెండువందల సార్లు పరీక్ష మధ్యలో వైరు పీకి చూసింది. కంప్యూటరు కిక్కురుమనలేదు.

కష్టం ఇంకోచోట ఉంది. కెర్నెల్ పనివాళ్లకు ఒక పద్ధతుంది. తప్పు దిద్దినప్పుడు, ఆ తప్పు ఏ మార్పుతో వచ్చిందో కింద ఒక వరుసలో రాయాలి. ఆ వరుస లోకమంతా చదువుతుంది, ఎప్పటికీ చెరగదు. ఇంతకాలం ఇతరుల మార్పులను అక్కడ రాసేటప్పుడు ఆమెకు, నిజం చెప్పాలంటే, కాస్త సరదాగానే ఉండేది. ఇప్పుడు వేళ్లు కదలడం లేదు. రాయకుండా పంపినా తీసుకుంటారు. పెట్టెలు బాగుపడతాయి, డాక్టరమ్మ శాంతిస్తుంది, చీపురక్క పేరు చెక్కుచెదరదు. కానీ మేస్త్రి సంతకం అలాగే ఉండిపోతుంది. సాకెట్టూ వదులే, ప్రోగ్రామూ కాస్త సర్దాం అనుకుంటారు. ఆయన ఒకటో తారీఖున ఇంట్లో కూర్చుని చేతులకేసి చూసుకుంటూ ఉంటాడు.

ఆమెకు తనమీద తనకే ఒళ్లుమండింది. ఆ వరుస రాసింది. పైన ఇంకో మాట కూడా చేర్చింది: "ఈ తప్పు నేనే చేశాను. సాకెట్టులో లోపమేమీ లేదు." పంపేసి, లేచి వెళ్లి మొహం కడుక్కుంది.

మర్నాడు జవాబొచ్చింది. ఆ భాగాన్ని చూసుకునే పెద్దాయన మాటల్లో పరమ పిసినారి. "బాగుంది. తీసుకున్నాను. ఇదే తప్పు ఇంకో తొమ్మిది డ్రైవర్లలో కనిపిస్తోంది. మీరు చూస్తారా?" అంతే. తిట్టలేదు, ఎగతాళి చెయ్యలేదు. పైగా ఊడ్చడానికి తొమ్మిది గదులు చూపించాడు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వుతోనే యజమాని గదిలోకి వెళ్లింది.

విన్నాక ఆయన మొహం చిన్నదైంది. "అక్కా, మన తప్పని బయట తెలిస్తే బాగుంటుందా? మనలో మనం సర్దుకుందాం."

"లోకమంతా చదివేసింది బాబూ. ఇక మనాఫీసు వాళ్లకే తెలియాలి."

 ఆయన సొరుగులోంచి మేస్త్రి సంతకం పెట్టిన కాగితం తీసి ఆమె చేతిలో పెట్టి, "మీరే ఇచ్చెయ్యండక్కా. నాకు మొహం చెల్లదు" అన్నాడు.

గురువారం ఆసుపత్రిలో కొత్త ప్రోగ్రాము పెట్టారు. మొదటి పిల్లవాడే వైరు తన్నేశాడట. 'వైరు ఊడింది, మళ్లీ తగిలించండి' అని తెరమీద కనిపించింది. తగిలించారు, ఆగినచోటి నుంచే పరీక్ష నడిచింది. పెట్టెలు ఎక్కడికీ పంపడం లేదని డాక్టరమ్మ ఫోను చేసి చెప్పింది.

ఫోను పెట్టేసి చీపురక్క మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్లింది. కాగితం ముందుంచి, గదిలో అందరికీ వినపడేలా, "తప్పు నాది బాబాయ్. ఎనిమిదేళ్ల కిందట నేను చేసింది. మీ సాకెట్లన్నీ బాగున్నాయి. నన్ను క్షమించండి" అంది. 

మేస్త్రి కాగితం ముట్టుకోలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విప్పి చూసుకున్నాడు.

"అంటే నా చేతులు బాగానే ఉన్నాయంటావా అమ్మా?"

"నిక్షేపంగా ఉన్నాయి."

"మూడు వారాలైంది, మనవరాలిని ఎత్తుకోలేదు." ఆయన చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు. "నెలల పిల్ల. జారవిడుస్తానేమోనని భయమేసింది. నడుం నొప్పని ఇంట్లో అబద్ధమాడాను."

చీపురక్కకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. దాచుకోలేదు. "ఇంటికి వెళ్లండి బాబాయ్" అంది. "ఇప్పుడే వెళ్లండి."

అప్పటికి టైము మూడు కూడా కాలేదు. మేస్త్రి సోల్డరింగ్ కడ్డీ స్విచ్చి ఆపి, ఎవరినీ అడక్కుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు.