వీర్రాజు గారి ఐదు వేళ్లు

మూడొందల మందిని ఎండాకాలం మధ్యాహ్నం ఆకలితో కూర్చోబెట్టి, వాళ్లందరి చేతా ఒక్కసారే తిట్లు తిన్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఈ కథ చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చేసింది. అయినా ఇంటికి చుట్టాలొస్తే చాలు, మా ఆవిడ కాఫీతో పాటు నన్నూ వడ్డించేస్తుంది. "ఏవండీ, ఆ భీమవరం సంగతి చెప్పండి!" ఒకసారి రాసి పడేస్తే ఇక నోటికి విశ్రాంతి దొరుకుతుందని రాస్తున్నాను. మీరు నవ్వుకోండి. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

తొంభైల చివర్లో మాట. రాజమండ్రి నుంచి నన్ను భీమవరం బ్యాంకుకి బదిలీ చేశారు. వయసు ఇరవై ఏడు. ఊరు కొత్త, మనుషులు కొత్త, గొంతు మాత్రం పాతదే, పెద్దది. మా మేనేజరు గారి పదవీ విరమణ సభలో నన్ను వందన సమర్పణ చెయ్యమన్నారు. ఎవరైనా నాలుగు ముక్కల్లో ముగిస్తారు. నేను నలభై నిమిషాలు సమర్పించాను. కుర్చీలు సర్దేవాళ్లకి కూడా పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాను. ఆ సభకి వచ్చినవాళ్లలో నన్ను చివరిదాకా విన్నది ఒక్క సరస్వతమ్మ గారే. ఆవిడ కుర్చీ గుమ్మానికి దూరంగా ఉండటం వల్ల కావచ్చు.

సరస్వతమ్మ గారు రిటైరైన టీచరు. భీమవరంలో సగం మందికి అక్షరాలు దిద్దించిందావిడే. రిటైరయ్యాక చెవులు వినిపించని పిల్లల కోసం ఓ పాత పెంకుటింట్లో బడి పెట్టారు. వానొస్తే ఆ పిల్లలు పుస్తకాలు గుండెలకి హత్తుకుని తడవని మూల కోసం వెతుక్కునేవారు. కొత్త షెడ్డుకి గోడలైతే లేచాయి, కప్పు లేదు. వానలు మొదలయ్యేలోగా కప్పు పడాలి.

"బడి వార్షికోత్సవం పెడుతున్నాం బాబూ. గుమ్మం దగ్గర విరాళాల పెట్టె పెడతాం. నువ్వు మైకులో రెండు మాటలు చెప్పిపెట్టు," అన్నారావిడ.

"పెట్టెలో ఎవరేస్తారండీ? మనిషిని ఎదురుగా అడగాలి. మొహం చూసి అడిగితే కాదనలేరు."

"అది నిజమే. కానీ మొహం చూసి అడగడమంటే దగ్గరికెళ్లి అడగడం. మైకులో అరవడం కాదు."

నేను వినలేదు. పైగా ఇంకో తెలివి కూడా ఉపయోగించాను. భోజనాలయ్యాక జనం ఆగరు కాబట్టి విరాళాలు ముందు, భోజనాలు తర్వాత అని నిర్ణయించాను. గోదావరి జిల్లావాళ్లకి, అందులోనూ మధ్యాహ్నం ఒంటిగంటకి, భోజనం ఆలస్యం చేయాలన్న ఆలోచన బుద్ధున్నవాడికి వస్తుందా చెప్పండి?

కల్యాణ మండపం నిండిపోయింది. పిల్లలు నాట్యం చేశారు. వాళ్లకి పాట వినపడదు కదా, ఎదురుగా నిలబడ్డ టీచరు చేతులాడిస్తుంటే ఆ చేతుల్ని చూసి అడుగు వేశారు. ఒక్క అడుగు తప్పలేదు. చూసినవాళ్లంతా కళ్లు తుడుచుకున్నారు. తుడుచుకుని, అందరూ కలిసి భోజనాల హాలు వైపు చూశారు. అక్కణ్ణుంచి గుత్తివంకాయ వాసన గుమ్మం దాటి వచ్చేస్తోంది.

అప్పుడు నేను మైకు పట్టుకున్నాను. అదే సమయానికి కరెంటు పోయింది. బయట జనరేటరు లారీలా మోగడం మొదలెట్టింది. మైకు పనిచేస్తోంది గానీ జనం మాటలు నాకు వినపడటంలేదు. అదేమంత లోటుగా నాకు అనిపించలేదు.

పావుగంట మాట్లాడాక, "కప్పు కోసం సాయం చేసే దాతలు చెయ్యెత్తండి!" అన్నాను. ముందు వరసలో ఓ తాతగారు చెయ్యెత్తారు. పరుగెత్తుకెళ్లాను.

"చెప్పండి తాతగారూ, ఎంత?"

"ఎంతేంటి అబ్బాయ్, ఎంతసేపని అడుగుతున్నా. నాకు షుగరుంది."

మళ్లీ వేదికెక్కి ఇంకో పావుగంట ప్రాధేయపడ్డాను. చెయ్యన్నది లేవలేదు. ఇక నీరసం వచ్చేస్తున్న సమయంలో, చిట్టచివర గుమ్మం దగ్గర ఓ పెద్దమనిషి కనిపించాడు. తెల్లచొక్కా, మెళ్లో గొలుసు, నుదుట బొట్టు. నా వైపే చూస్తూ చెయ్యెత్తి ఐదు వేళ్లు చూపించాడు.

"ఐదు వేలా అండీ?" అని మైకులో అరిచాను.

జనరేటరు మోతలో ఆయనకి ఆ "ఐదు" ఒక్కటే వినపడిందేమో, గట్టిగా తలూపి మళ్లీ ఐదు వేళ్లు చూపించాడు.

"ఐదు వేలు! పేరండీ?"

"వీర్రాజు!" అని హాలంతా అరిచింది. కొందరు నవ్వారు కూడా. అభిమానం కాబోలనుకున్నాను. "దానకర్ణుడు శ్రీ వీర్రాజు గారు వేదిక మీదకి రావాలి!" అన్నాను. ఆయన వద్దువద్దని చేతులూపాడు. ఎంత వినయం! ఇద్దరు కుర్రాళ్లని పంపి లాక్కొచ్చి మరీ శాలువా కప్పాను. అప్పుడాయన నా చెవిలో అన్నాడు.

"బాబుగారూ, నేను వంటాణ్ణండి. ఇంకో ఐదు నిమిషాల్లో కూర దించేస్తాను, జనాన్ని లేపండని చెప్పానండి."

అక్కడ నిజం ఒప్పేసుకుంటే నా కథ చిన్న నవ్వుతో ముగిసిపోయేది. నేనేం చేశానో తెలుసా? మైకు పక్కకి పెట్టి, "ఈ పూటకి ఊరుకోండి, తర్వాత చూసుకుందాం," అని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను.

ఎందుకంటే అప్పటికే సుబ్బరాజు గారు లేచి నిలబడ్డారు. ఆయనకి రొయ్యల చెరువులున్నాయి, ఊళ్లో మాటుంది. "వంటాయనే ఐదిస్తే నేను చేతులు కట్టుకుని కూర్చుంటానేంటి? నాది పది రాసుకో!" అన్నారు. ఆయన లేవగానే ఆయనంటే పడని ఇంకో చెరువులాయన లేచారు. ఆ తర్వాత చేతులే చేతులు. నేను తేలిపోతున్నాను. షెడ్డుకి కప్పేంటి, మేడ కట్టేద్దామనుకున్నాను.

పక్కన వీర్రాజు గారు శాలువాలో ఉడికిపోతున్నాడు. లేవబోయినప్పుడల్లా భుజం మీద చెయ్యేసి కూర్చోబెడుతున్నాను. "కూర..." అంటాడాయన. "కూర్చోండి" అంటాను నేను.

అంతలో వాసన వచ్చింది. మొదటి వరస తాతగారు ముక్కెగరేసి, "ఏదో మాడుతోందిరోయ్!" అన్నారు. వీర్రాజు గారు ఎగిరి లేచి నా చేతిలో మైకు లాక్కున్నాడు.

"నేను ఐదు వేలనలేదండి బాబూ! ఐదు నిమిషాలన్నాను! నా వంకాయ మాడిపోయిందండి!"

మైకు నా చేతుల్లో పడేసి శాలువాతోనే పరుగెత్తాడు. సరిగ్గా అప్పుడే కరెంటొచ్చి జనరేటరు ఆగింది. అటువైపు ఆయన గిన్నె దించిన చప్పుడు కూడా వినిపించింది.

"అంటే ఆయన ఇవ్వలేదా?" అన్నారు సుబ్బరాజు గారు.

"అదేనండీ, చిన్న పొరపాటు..."

"నీకు ముందే తెలుసా?"

వాగుడుకాయనని పేరుపడ్డ నేను, మైకు తీగ చిక్కులు విప్పుతూ నిలబడ్డాను.

"అయితే నా పది కూడా పొరపాటే. కొట్టేయ్." ఆయన వెనకాలే అందరివీ పొరపాట్లైపోయాయి. వేదిక మూల పిల్లలు మా మొహాల్నీ చేతుల్నీ మార్చిమార్చి చూస్తున్నారు. ఏం జరిగిందో వాళ్లకెవరూ చెప్పక్కర్లేకపోయింది. అది చూశాకే నేను మైకు కింద పెట్టాను.

సరస్వతమ్మ గారు నా మణికట్టు పట్టుకుని భోజనాల హాల్లోకి తీసుకెళ్లి, చేతికి పెరుగు బకెట్టిచ్చారు. ప్రతి విస్తరి దగ్గరా ఆగడం, పెరుగు వెయ్యడం, "తప్పు నాదండి, క్షమించండి" అనడం. మూడు బంతులు! నడుం విరిగిపోయింది. ఆవిడ నా పక్కనే నడుస్తూ ఒక్కొక్కరి మొహంలోకి చూసి నెమ్మదిగా చెప్పారు. "ఈ అబ్బాయి తొందరపడ్డాడు. ఇస్తానని నువ్వన్న మాటకి నేను నిన్ను పట్టుకోను నాయనా. పిల్లలకి కప్పు కావాలి. తోస్తే ఇయ్యి, తోచకపోతే ఇంకాస్త పెరుగేయించుకో."

సుబ్బరాజు గారు చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నారు. "చిన్నప్పుడు మీ బెత్తానికీ ఇలాగే భయపడేవాణ్ణి టీచరుగారూ," అన్నారు చివరికి. "రేపు రేకులు పంపిస్తాను. ఈయన చేత మాత్రం నా పేరు చెప్పించకండి." ఆయన తర్వాత ఇంకొందరు ఇచ్చారు. వానలకి ముందే కప్పు పడింది.

సాయంత్రం పాత్రలు తోముతున్న చోటికెళ్లి వీర్రాజు గారికి క్షమాపణ చెప్పాను. ఆయన శాలువా మడిచి నా చేతికిచ్చాడు.

"ఉంచుకోండి," అన్నాను.

"వద్దండి. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లుగా వండుతున్నాను. అంతమందిలో నన్ను గారూ అని పిలిచింది మీరొక్కరేనండి. అదీ అబద్ధానికి పిలిచారు."

ఆ వంకాయకంటే ఎక్కువ మాడిపోయాను. మర్నాడు ఆదివారం ఆయన తనంతట తానే బడికొచ్చి పిల్లలకి గుత్తివంకాయ వండిపెట్టాడు, ఎవరూ అడక్కుండా. నేను వంకాయలు తరిగాను. నాలుగుగా చీల్చమంటే ముక్కలు చేశానని తిట్లు తిన్నాను. ఆయన తిడుతుంటే ప్రాణానికి కాస్త హాయిగా అనిపించింది.

ఆ బడి పిల్లలు తమకు తెలిసినవాళ్లందరికీ ఒక్కో సైగ పేరు పెట్టుకుంటారు. సరస్వతమ్మ గారంటే కళ్లజోడు సర్దుకోవడం. నాకూ పెట్టారని తెలిసి మురిసిపోయి, ఏంటో చూపించమన్నాను. ఓ చిన్నపిల్ల ముందుకొచ్చి, ఐదు వేళ్లూ విప్పి చూపించి, వెంటనే ముక్కు మూసుకుంది.

కాబట్టి పెద్దలారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ విరాళాల సభకి పిలిచినా వస్తాను. కానీ నా చేతికి పెరుగు గరిటె తప్ప మరేదీ ఇవ్వకండి. ఒకవేళ మీలో ఎవరైనా నావైపు చూసి చెయ్యెత్తితే మాత్రం, మీగడ కావాలేమోనని అడుగుతాను.