టోల్‌గేటు దగ్గర నేనాడిన అబద్ధం

మన నోటి మాటలన్నీ వినే దేవునికి స్తోత్రం. ఆయన కనికరం వల్లనే ఈ సంగతి రాయగలుగుతున్నాను.

మదనపల్లె నుంచి కారులో వెళ్లి, బెంగళూరు చుట్టూ ఉన్న టోల్ రోడ్డెక్కాను. నా ఫాస్టాగ్‌లో డబ్బు అయిపోయిందని పొద్దున్నే మెసేజ్ వచ్చింది. అయినా ఫాస్టాగ్ వరుసలోకే వెళ్లాను. గేటు లేవలేదు. నగదైతే రెండింతలు కట్టాలని టోల్ అమ్మాయి చెప్పింది.

"ట్యాగులో డబ్బుందమ్మా, మీ మిషనే పనిచేయడం లేదు" అన్నాను. మిషను పాడైతే డబ్బు తీసుకోకుండా వదలాలని రూలు.

నా వెనుక పుంగనూరు టమోటా లారీ ఆగిపోయింది. డ్రైవరు దిగి వచ్చాడు. నన్ను తిడతాడనుకున్నాను.

"ఆయప్ప అబద్ధం సెప్పడమ్మా. కారెనక అద్దం మీద దేవుని వాక్యం అంటించుకోనుండాడు, సూడు. గేటెత్తు తల్లీ, లేదంటే నా టమోటాలు ఈడే సట్నీ అయిపోతాయి!"

ఆమె నవ్వి, డబ్బు అడగకుండానే గేటెత్తింది. నేను గేరు వేశాను.

అతను నా కిటికీ దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మా పాపకి రేపు గుండె ఆపరేషనప్పా. నీ మాట దేవుడింటాడు. ప్రార్థన సెయ్యి."

సరేనన్నాను.

ఇంటికొచ్చి మోకరించాను. పాప కోసం నోరు తెరిస్తే ఆ అబద్ధమే ముందు గుర్తుకొచ్చింది, మాట రాలేదు. ఇప్పటికీ అంతే. ప్రతి ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పే నేను దీన్ని ఎవరికీ చెప్పలేదు. పాప ఎలా ఉందో తెలియదు. పేరైనా అడగలేదు.

చదువుతున్న మీరు నా కోసం తర్వాత, ముందు ఆ పాప కోసం నాతో కలిసి ప్రార్థించండి. ఆమె తండ్రి నన్ను నమ్మి అడిగాడు.