మలారం పలికిన సాయంత్రాలు

నా చిన్నప్పుడు ఆ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పక్కింటి అక్క. చంకలోని నీళ్ళబిందె దించకుండానే గుమ్మంలో నిలబడి మా మామ్మతో చెప్పింది. "గాజుల బూబమ్మ ఇంట్లోంచి గాజుల సప్పుడు వత్తంది మామ్మా. దీపం నేదు, మడిసి అలికిడి నేదు. సచ్చిపోయిన కూతురే తిరగతందంట."

బూబమ్మ అనకాపల్లి వీధుల్లో మలారం భుజాన వేసుకుని తిరిగే గాజులావిడ. తాళ్ళకు గుచ్చిన ఆ గాజుల గుత్తుల చప్పుడు వినబడితే చాలు, మా వీధి ఆడపిల్లలమంతా అరుగుల మీదికి చేరేవాళ్ళం. నా చేతులకు తొలిసారి గాజులు తొడిగింది ఆవిడే. ఆ చలికాలంలో ఆవిడకున్న ఒక్క కూతురూ జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆవిడ తలుపు వేసుకుంది. పెద్దవాళ్ళెవరైనా వెళ్ళి పిలిస్తే లోపలినుంచే "పొండి" అనేది. గాజుల చప్పుడు సంగతి పుట్టాక ఆ పిలిచేవాళ్ళు కూడా వెళ్ళడం మానేశారు. తిండి ఎవరు పెడుతున్నారో, అసలు తింటోందో లేదో ఎవరికీ తెలియదు.

అప్పుడే మాకు శ్రమల దినాలు మొదలవుతున్నాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ మా ఇంట్లో తలా ఒకటి మానుకునేవాళ్ళం. నేను బడికి వెళ్ళిందాన్ని కాను. బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించింది మామ్మే కాబట్టి, మానుకునేదేమిటో కూడా ఆవిడకే చెప్పుకోవాలి. "నేను బెల్లం మానేస్తాను" అన్నాను గొప్పగా.

పక్కింటి అక్క పక్కున నవ్వింది. "బెల్లం మానేత్తావా? అయితే ముక్కు కూడా మూసుకోవే! ఊరంతా అదే వాసన గదా!" నిజమే. అది గానుగలాడే కాలం. బళ్ళ మీద దిగే బెల్లం దిమ్మల వాసన మా దుప్పట్లకు కూడా పట్టి ఉండేది.

మామ్మ మాత్రం నవ్వలేదు. "నువ్వు బెల్లం మానితే ఎవుల కడుపు నిండతాదే? ఏటీ మానొద్దు. ఒక పని పట్టుకో. రోజూ పొద్దుగూకే యేలకి చోడంబలి అట్టుకెల్లి బూబమ్మ గుమ్మం కాడ ఎట్టు. 'నాను వచ్చేను' అని పిలు. పెద్దోల గొంతుకి పలకదు, పిల్ల గొంతుకి పలుకుతాదేమో. పలక్కపోయినా మల్లీ రేపు ఎల్లు."

"అక్కడ దెయ్యం ఉందంట గదా మామ్మా?"

"ఉంటే దానికీ సెప్పు, వచ్చేనని."

బెల్లం గోదాముల వెనక సందులో చివరిల్లు బూబమ్మది. రెండువైపులా ఎత్తు గోడలు కావడంతో అక్కడ వెలుతురు అన్నిచోట్లకంటే ముందే పోయేది. బయట తియ్యగా ఉండే వాసన ఆ సందులో పులిసినట్టుండేది. వీధికుక్కలు కూడా ఆ గుమ్మం ముందు పడుకునేవి కావు. మొదటి సాయంత్రం రాగుల అంబలి చెంబు పెట్టి "బూబమ్మా, నేను వచ్చేను" అన్నాను. ఆ గొంతు నాది కాదనిపించింది. లోపల ఎక్కడో పైనుంచి గాజులు గలగలమన్నాయి. ఒక్కసారే. బయట ఆకు కూడా కదలడం లేదు. వెనక్కి చూడకుండా పరుగెత్తుకొచ్చేశాను.

మర్నాడు వెళ్ళేసరికి చెంబు కడిగి బోర్లించి ఉంది. దెయ్యాలు చెంబులు కడుగుతాయా అని మామ్మనడిగాను. "కడిగితే మంచిదే గదా" అంది, బియ్యంలో రాళ్ళేరుకుంటూ.

ఆ తర్వాత ప్రతి సాయంత్రమూ అంతే. నేను పిలవడం, పైనుంచి గాజులు ఒక్కసారి పలకడం, ఆపైన నిశ్శబ్దం. కొన్ని రోజులు తలుపు వేలెడంత తెరుచుకుని ఉండేది. ఆ ఖాళీలోంచి చీకటే నన్ను చూస్తున్నట్టుండేది. నాకు భయం పోయిందని చెప్పను. "ఏసయ్యా, తోడు రా" అనుకుంటూ భయంతోనే వెళ్ళడం అలవాటైంది.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం నాడు చెంబు బోర్లించి లేదు. ముందురోజు పెట్టిన అంబలి అలాగే తొరక కట్టి ఉంది, చుట్టూ చీమలు. పిలిచాను. గాజులు పలికాయి. కాని ఆ రోజు అవి ఆగలేదు. ఎవరో తాడు పట్టుకుని గుంజుతున్నట్టు పలుకుతూనే ఉన్నాయి. నా కాలు ఒకటి అప్పటికే వెనక్కి పడింది. రేపు మళ్ళీ రావాల్సింది ఈ గుమ్మానికే కదా అన్న తలపే నన్ను నిలబెట్టింది. తలుపు నెట్టాను. గడియ వేసి లేదు.

బూబమ్మ నేల మీద పడి ఉంది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. చేతులు బోసిగా ఉన్నాయి, పేరుకు ఒక్క గాజు లేదు. మలారం పైన దూలానికి వేలాడుతోంది, నిచ్చెన వేస్తే తప్ప అందనంత ఎత్తున. నేను చూస్తుండగానే ఊగి ఊగి, మెల్లగా ఆగింది.

నా కేకలకు గోదాముల దగ్గర మూటలు మోసే కళాసీలు పరుగెత్తుకొచ్చి, ఆవిడను మంచం మీద వేసుకుని ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఆ పూట దాటితే దక్కేది కాదని అక్కడి డాక్టరు అన్నాడట.

ఈస్టరు నాటికి బూబమ్మ లేచి కూర్చుంది. మామ్మ నన్ను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళింది. రోజూ మలారం ఎందుకు కదిపేదానివని బూబమ్మను అడిగేశాను.

"నానెక్కడ కదిపేను బేటీ? నువ్వు పిలిసినప్పుడల్లా అదే పలికేది. నా కూతురు దాని సేత్తో కట్టిన మలారం అది. 'పిల్ల వచ్చింది, లేసి తినమ్మా' అన్నట్టుండేది. అందుకే తినేదాన్ని."

మామ్మ కొంగు తల మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

గోదాముల్లో బస్తాలు పడేసిన అదురుకు గాజులు కదిలి ఉంటాయనీ, ఎలుకలై ఉంటాయనీ తర్వాత చాలామంది అన్నారు. అయి ఉండొచ్చు, నేను వాదించను. మట్టల ఆదివారం నాడు మాత్రం గోదాములు మూసే ఉన్నాయి. కళాసీలు అరుగుల మీద కూర్చుని బీడీలు కాల్చుకుంటుంటే నా కేక విన్నారు.

ఆ ఏటినుంచి శ్రమల దినాల్లో నేను ఏదీ మానలేదు. ఏదో ఒక గుమ్మం పట్టుకుంటాను. ఈ ముసలి మోకాళ్ళతో కూడా రోజూ ఒక తలుపు ముందు నిలబడే భాగ్యం దేవుడు నాకు ఇస్తూనే ఉన్నాడు. పిలిచాక వెంటనే కదలను. కాస్త ఆగి, చెవి ఒగ్గి వింటాను.

బూబమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు మా వీధుల్లో గాజులు అమ్మింది, ఆవిడను తలుచుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ కూతురి పేరు మాత్రం నాకు తెలియదు. మీరెప్పుడైనా మూసిన గుమ్మం ముందు నిలబడి "నేను వచ్చాను" అని పిలిస్తే, మలారం కట్టిన ఆ పిల్లను ఒక్కసారి తలుచుకోండి.