తుప్పు పట్టించిన ఫోర్‌మన్

కిందటి నెల ఒక గురువారం పొద్దున్న మా కమిటీ ఫోన్ గుంపులో డాక్టరమ్మగారు రెండే మాటలు పెట్టారు: "ఫోర్‌మన్‌గారు పోయారు." పాలు పొంగిపోతున్నా చూడకుండా ఆ రెండు మాటలే మళ్ళీ మళ్ళీ చదివాను. ముందురోజు సాయంత్రం టీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్ళిపోయారట. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఒక్క పూటైనా ఎవరిచేతా చాకిరీ చేయించుకోలేదు.

నాకు ఆయన చుట్టమేం కాదు. హిందీ మాట్లాడే ఈ కార్ఖానా ఊళ్ళో, గోల్‌మురి పేటలో, మా క్వార్టరుకి రెండు గుమ్మాల అవతల వాళ్ళిల్లు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్న వచ్చి కార్ఖానాలో చేరితే, ఈయన అక్కడే మెయింటెనెన్స్‌లో చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యారు. చిన్నప్పటి నుంచీ నాకు బాబాయి. కమిటీలో నలుగురి ముందూ బాగుండదేమోనని ఒకసారి 'సర్' అన్నాను. "ఏటమ్మా, జొరం గానీ తగిలిందేటి నీకు?" అన్నారు. ఆ తర్వాత ఇక ఎప్పుడూ అనలేదు.

మా కమిటీ సంగతి చెప్పాలి. నేను బొమ్మలు నేర్పే యూనివర్సిటీలో ఒక పాత హాలుంది, అదే మా గ్యాలరీ. టికెట్టు లేదు, అమ్మకం లేదు, లాభం మాట అసలే లేదు. దాన్ని నడిపేది ఐదుగురం. జీతం బత్తెం లేకుండా నెలకోసారి రెండో శనివారం కూర్చుని ఎవరి బొమ్మలు పెట్టాలో తేలుస్తాం. అంతటితో అయిపోదు. వారానికో పూట ఒక్కొక్కరూ వచ్చి స్టూలు మీద కాపలా కూర్చోవాలి. సభ్యుడైనవాడు బొమ్మల దగ్గర కూర్చోకపోతే వాటి గురించి మాట్లాడే హక్కు లేదని మా అధ్యక్షురాలు డాక్టరమ్మగారు పెట్టిన ఆచారం ఇది.

బాబాయి అక్కడికి వచ్చింది మేకులు కొట్టడానికి. గోడకి పటాలు వేలాడదీసే ఇనప పట్టీ ఊడిపోతే నేనే బతిమాలి తీసుకెళ్ళాను. రసమట్టం జేబులో పెట్టుకుని వచ్చి, పట్టీతో పాటు హాల్లో ఉన్న ప్రతి పటాన్నీ సరిచేసి, ఒక పటం ముందు ఆగిపోయారు. పొద్దుటి షిఫ్టుకి సైకిళ్ళ మీద వెళ్తున్న జనం బొమ్మ అది.

"అమ్మా, సైను ఎడమ పక్క ఏసీనాడేటి ఈ బాబు? ఆడెప్పుడూ సైకిలు తొక్కనేదా?"

వేసినాయన అక్కడే ఉన్నాడు. పెద్ద పేరున్న మనిషి, తెలుగు రాదు. సైకిలు చైను కుడి పక్కన కదా ఉంటుందని నేను భయపడుతూనే హిందీలో చెప్పాను. ఆయన దగ్గరికి వెళ్ళి చూసుకుని పడీ పడీ నవ్వాడు. అప్పుడు డాక్టరమ్మగారు అన్నారు: "ఈ కమిటీలో మాటలు చెప్పేవాళ్ళం నలుగురం ఉన్నాం. చూసేవాడు ఒకడు కావాలి." అలా బాబాయి ఐదో సభ్యుడయ్యారు.

అప్పటి నుంచి శనివారం మధ్యాహ్నం కాపలా ఆయనది. స్కూటరు నీడలో పెట్టి, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చేవారు. "బాబాయీ, ఇది గుడి కాదు," అంటే, "దుమ్ము దుమ్మే గదమ్మా," అనేవారు. తలుపు దగ్గర తటపటాయించే వాళ్ళని "రండి రండి, ఆయియే, టికెట్టు నేదు" అని రెండు భాషల్లోనూ లాక్కొచ్చేవారు. మీటింగుకి పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం మా అందరి మీదా కేకలే. కమిటీలో మరో సభ్యుడైన ప్రొఫెసరుగారిని సైతం వదల్లేదు.

ఇక కొన్నేళ్ళ కిందటి ఆ శనివారం సంగతి.

చివరి సంవత్సరం పిల్లల బొమ్మలు పెట్టాం. సోమవారం పరీక్షకులు వచ్చి చూసి మార్కులు వెయ్యాలి. వాటిలో ఊరికి అవతల మాంగో అనే పేట నుంచి వచ్చే ఒక తెలుగమ్మాయి చేసిన ఇనప బొమ్మ ఉంది. నడుం ఎత్తున మూడు రేకులు, అలిసిపోయిన మనుషుల్లా ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉంటాయి. వాటిని రెండు వానాకాలాలు ఇంటి డాబా మీద ఉంచి కావాలనే తుప్పు పట్టించింది. పసుపూ ఇటిక రంగూ నలుపూ కలిసి, వాన నీళ్ళు కారిన చారలు పైనుంచి కిందకి. ఆ చారలే ఆ బొమ్మకి ప్రాణం. అది పోతే ఆ పిల్లకి ఏడాది పోతుంది. ఇంకో ఏడాది చదివించడం తన వల్ల కాదని వాళ్ళ నాన్న ముందే తేల్చేశాడు.

బొమ్మ పక్కన పేరూ, తుప్పు కావాలనే పట్టించిందన్న వివరమూ రాసిన చీటీ అంటించాల్సింది నేను. సోమవారం పొద్దున్న అంటిద్దాంలే అనుకుని, తాళాలు బాబాయి చేతికిచ్చి ఇంటికి పోయాను. ఇది ఇప్పటికీ నా తప్పే.

ముప్పై ఆరేళ్ళు తుప్పుతో యుద్ధం చేసిన మనిషి తుప్పు పట్టిన ఇనుము ముందు మధ్యాహ్నమంతా ఖాళీగా కూర్చుంటే ఏం చేస్తాడు? అయ్యో, ఆడపిల్ల కష్టపడి చేసుకుంది, వానలో వదిలేశారెవరో, పరీక్ష నాటికి ఎలా అని ఆయన గుండె కొట్టుకుపోయింది. ఇంటికెళ్ళి వైరు బ్రష్షూ గరుకు కాగితమూ తెచ్చారు. తళతళలాడేదాకా గీకారు. పైన, తుప్పు రాకుండా పూసే రెడాక్సైడు రంగు రెండు కోట్లు వేశారు. తాళం వేసుకుని, నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు: "పాపా, ఆ పిల్ల బొమ్మ పాడైపోనాదని నువ్వేం బెంగెట్టుకోకు. కొత్త పెళ్ళికూతుర్లా సేసేను."

నేను వెంటనే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, రేపే వచ్చి చూసుకోమన్నాను.

ఆదివారం బాబాయి తాళం తీస్తే, ఆ అమ్మాయి వచ్చి చూసింది. రేకు మీద వేలితో గీరి చూసింది. తర్వాత, "అంకల్, యే క్యా కర్ దియా ఆప్‌నే?" ఏం చేశారు మీరు, అని ఒక్క కేక. నేల మీద కూలబడి ఏడ్చింది. విషయం బోధపడ్డాక బాబాయి మొహం చూడలేకపోయాను. అంత ఎత్తు మనిషి గోడకి జారబడిపోయారు. "నానేటి సేసేనమ్మా... నానేటి సేసేను," అంటూ అదే మాట.

సోమవారం పొద్దున్నే, పరీక్షకులు రాకముందే, అత్యవసరంగా కూర్చున్నాం. బాబాయి మడిచిన కాగితం ఒకటి బల్ల మీద పెట్టారు. "నాకు బొమ్మలు తెలవవు. తెలవనోడు ఇక్కడ ఉండకూడదు. నన్ను తీసెయ్యండి." ప్రొఫెసరుగారు కళ్ళజోడు సర్దుకుని, అదే మంచిదేమో అన్నారు. నాకు ఒళ్ళు మండింది కానీ, చీటీ అంటించని దాన్ని నేనేం మాట్లాడతాను?

డాక్టరమ్మగారు ఆ కాగితం విప్పను కూడా విప్పలేదు. "మిమ్మల్ని తీసెయ్యడం ఎంతసేపండీ! మరి ఆ తుప్పు ఎవరు పట్టిస్తారు? నేనా?"

బాబాయి తలెత్తారు. "తుప్పు పట్టించడవా?"

"అది రాకుండా ఎలా ఆపాలో తెలిసినవాళ్ళకి, ఎలా వస్తుందో తెలియదా?"

నేను డిపార్టుమెంటు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడి పదిహేను రోజులు గడువు సంపాదించాను. బాబాయి మాంగోలో ఆ పిల్ల ఇంటికి వెళ్ళారు. ఆయన తెలుగులో అడిగారు, ఆ పిల్ల హిందీలో కసిరింది, వాళ్ళమ్మ టీ ఇచ్చింది. మూడో రోజుకి ఆ అమ్మాయి దిగివచ్చింది.

థిన్నరుతో రంగు లాగేసి, రేకుల్ని గ్యాలరీ వెనక ఎండలో నిలబెట్టారు. సిర్కా, అదే వెనిగర్, ఒక డబ్బాలో, ఉప్పునీళ్ళు ఒక డబ్బాలో. తడపడం, ఆరనివ్వడం, మళ్ళీ తడపడం. రోజుకి ఆరేడుసార్లు. ఇప్పుడు మేస్త్రీ ఆ పిల్ల, హెల్పరు ఈయన. చెంబుతో పైనుంచి సన్నగా నీళ్ళు వదులుతూ అడిగేవారు: "ఇక్కడ సాలా? ఇంకా కావాలా?" "థోడా ఔర్, అంకల్." ఇంకొంచెం. "అలాగేనమ్మా, ఇంకో దార పోత్తన్నాను."

నాలుగో నాడు మొదటి పసుపు మరక తేలినప్పుడు ఆయన నాకు ఫోన్ చేశారు. "వచ్చీసింది పాపా, వచ్చీసింది! బతికుండగా తుప్పు సూసి ఆనందపడతానని నానెప్పుడూ అనుకోనేదు." ఆ గొంతులో సంతోషం నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

పాత చారలు రాలేదు. రెండు వానాకాలాలు పదిహేను రోజుల్లో వస్తాయా ఎక్కడైనా? వచ్చినవి వేరు చారలు. పరీక్షకులు అడిగితే ఆ అమ్మాయి జరిగిందంతా దాచకుండా చెప్పింది. పాసైంది. ఇప్పుడు సోనారి పేటలో ఒక బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పుతోంది. వెళ్ళేటప్పుడు ఆ రేకుల్ని గ్యాలరీకే ఇచ్చేసింది.

బాబాయి కమిటీలోనే ఉన్నారు. ఆ తర్వాత మా నియమాల్లో ఒకటి చేర్పించారు: సభ్యుడెవరైనా కాపలా కూర్చునే ముందు, బొమ్మ చేసినవాళ్ళని పిలిచి, దీన్ని ఎలా చూసుకోవాలో చెప్పించుకోవాలి. "తెలవకపోతే అడగాల. తెలుసుననుకుంటే మరీ అడగాల," అనేవారు. ప్రొఫెసరుగారు ఆ మాటని ఇప్పుడు తన క్లాసులో చెప్తున్నారని విన్నాను. పోనీలెండి, మంచి మాట ఎవరు చెప్తే ఏం!

మొన్న రెండో శనివారం మీటింగుకి మా పిన్నిని ఆ అమ్మాయే తన స్కూటరు మీద తీసుకొచ్చింది. ఇన్నేళ్ళలో బాబాయి భార్య గ్యాలరీ గడప తొక్కడం అదే మొదటిసారి. సంతాపం మాటలు ఏవీ అననివ్వలేదు.

"ఆయన పాడుసేసిన బొమ్మేది?" అంది.

చూపించాం. చుట్టూ తిరిగి చూసింది. ముట్టుకోవచ్చా అని ఆ అమ్మాయిని అడిగింది. ఆ పిల్ల, ఏనాడూ తెలుగులో జవాబివ్వని పిల్ల, "ముట్టుకో అమ్మమ్మా," అంది. పిన్ని చెయ్యి నిండుగా ఆనించి, పైనుంచి కిందదాకా నిమిరింది. తీసి చూసుకుంటే అరచెయ్యంతా ఎర్రటి పొడి.

నేను తడిగుడ్డ తీసుకుని పరుగెత్తాను. పిన్ని గుప్పిట మూసేసింది.

"ఉండనీ పాపా. ముప్పై ఆరేళ్ళు ఆయన సొక్కాల మీద ఈ రంగు ఉతికి ఉతికి పారబోసేను. ఇయ్యాల ఉండనీ."

మెట్లు దిగి, ఆ అమ్మాయి స్కూటరు వెనక ఎక్కి, ఒక చేత్తో పిల్ల భుజం పట్టుకుంది. రెండో చెయ్యి ఒళ్ళో గుప్పిట మూసే ఉంది, గేటు దాటి మలుపు తిరిగేదాకా.