రెండేళ్ల కాలేజీ గురించి చెప్పడానికి రాస్ అల్ ఖైమా వెళ్లాను

ఎనభైల మొదట్లో నేను దుబాయ్‌లో ఒక ఇండియన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కరామాలో మరో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. అమెరికాలోని ఒక కమ్యూనిటీ కాలేజీ మన పిల్లల్ని చేర్చుకోవడానికి మార్తా అనే ఆవిడను దుబాయ్ పంపింది. దుబాయ్‌కి ఉత్తరాన ఉన్న రాస్ అల్ ఖైమా నుంచి షబానా అనే అమ్మాయి దరఖాస్తు పెట్టింది కానీ తండ్రి ఏమీ తేల్చడం లేదు. "ఆయనకు తెలుగులో నచ్చజెప్పి రండి" అన్నారు మా ప్రిన్సిపాల్. ఆ కాలేజీ గురించి నాకు తెలిసిందల్లా మార్తా ఇచ్చిన కరపత్రంలో ఉన్నదే.

సెలవు దినం శుక్రవారం పొద్దున టిఫిన్ చేసి, దేరా స్టాండులో షేర్ టాక్సీ ఎక్కాను. మనుషులు నిండేదాకా డ్రైవరు బండి కదపలేదు. పక్కన కూర్చున్న జగిత్యాల మేస్త్రీ నా చేతిలో కాగితం చూసి, "గిదేంది సార్?" అన్నాడు. చెప్పాను.

"కమ్యూనిటి కాలేజా? ఏ కమ్యూనిటోల్లది? మావోల్లను తీస్కుంటరా?"

"కులం కాదండీ, ఆ ఊరందరిదీ."

"ఊరందరిదైతే దుబాయ్ దాంక వచ్చి పిల్లల నడుగుడేంది?"

షార్జా దాటేదాకా కరపత్రం మళ్లీ మొదటినుంచీ చదివాను.

షబానా తండ్రి ఖాదర్ బాషా కడప మనిషి, రాళ్ల క్వారీలో లారీ డ్రైవరు. టాక్సీ స్టాండుకు వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లాడు. కోడి పలావు పెట్టాక విషయంలోకి దిగాను.

"రెండేండ్లంటే మళ్లా ఇంటరేనా సార్? పాప పన్నెండు పాసయింది గదా!"

"ఇంటర్ కాదండీ. అక్కడ రెండేళ్లు చదివి, తర్వాత యూనివర్సిటీలో రెండేళ్లు చదివితే డిగ్రీ."

"అట్లయితే నేరుగా యూనివర్సిటీకే పోకూడదా?"

నేను కరపత్రం తిరగేశాను. షబానా తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది.

"అది సరే. పాపకు జొరమొస్తే యెవరు చూస్తారు?"

అది కరపత్రంలో లేదు. మార్తానే అడుగుదామన్నాను. ఆవిడ మర్నాడు వెళ్లిపోతుంది. మధ్యాహ్నం తండ్రీకూతుళ్లు నాతోనే టాక్సీ ఎక్కారు.

దుబాయ్‌లో హోటల్ లాంజ్‌లో మార్తా మమ్మల్ని కూర్చోబెట్టి, జ్వరం సంగతి నేనడిగితే ఇంగ్లీషులో నిదానంగా జవాబు చెప్పింది. నేను తెలుగులో చెప్పబోతుంటే బాషా చెయ్యెత్తాడు.

"నువ్వుండు సార్. పాపను చెప్పనీ."

షబానా గొంతు సవరించుకుంది. "కాలేజీలో నర్సు ఉంటాదంట అబ్బా. కానీ నీ మాదిరి, అమ్మ మాదిరి చూసేవాళ్లు ఉండరంట. మొదట్లో శానామంది ఆడపిల్లలు ఏడుస్తారంట. కొంతమంది తిరిగి వచ్చేస్తారంట."

మార్తా చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా వదల్లేదు. అంతా చెడిందనుకున్నాను. బాషా కూతురి వైపు తిరిగాడు.

"ఏడుస్తారని గూడా దాచకుండా చెప్తివే! నీకు పోవాలని ఉండాదా?"

"ఉండాది అబ్బా."

"సరే, పో."

వాళ్లను దేరాలో టాక్సీ ఎక్కించాను. పొద్దుటినుంచీ నేను చెప్పిందాంట్లో ఏది ఆయన చెవికెక్కిందో నాకు అంతుబట్టలేదు. ఆ కాలేజీ అసలేమిటో నాకే ఇంకా సగమే తెలుసు. టాక్సీ కదులుతుంటే బాషా కూతుర్ని అడగడం వినిపించింది:

"ఆడ మంచు పడుతుందంట గదా. ఈ ఎండల దేశంలో స్వెట్టర్ యాడ దొరుకుతుందమ్మా?"

నేను కరామా బస్సు కోసం రోడ్డు దాటాను.